మా బాకీ తీరిపోయింది, మీ పుస్తకాల్లో ఇంకా ఉంది: ఆడిట్ కమిటీల స్వతంత్ర డైరెక్టర్లకు బహిరంగ లేఖ

లిస్టెడ్ కంపెనీల ఆడిట్ కమిటీల్లో స్వతంత్ర డైరెక్టర్లుగా ఉన్న పెద్దలకు,

నమస్కారం.

నేను హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న యూనిట్లకు లెక్కలు రాస్తాను. 22 ఏళ్లుగా ఇదే పని. ఇప్పుడు నా చేతిలో ఆరు యూనిట్లున్నాయి. ఒకరిది లేత్ పని, ఒకరిది షీట్ మెటల్, ఇద్దరు డైలు చేస్తారు, ఇంకో ఇద్దరు పంపుల విడిభాగాలు. ఆరుగురూ పెద్ద కంపెనీలకే సరుకు వేస్తారు. ఆ కంపెనీల్లో చాలావరకు స్టాక్ మార్కెట్‌లో ఉన్నవే. వాటి మూడు నెలల ఫలితాలు ముందు మీ కమిటీకి వస్తాయి, మీరు చూశాకే బోర్డుకు వెళ్తాయి. అందుకే ఈ ఉత్తరం స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకో, ఢిల్లీలోని మంత్రిత్వ శాఖకో కాకుండా మీకే రాస్తున్నాను.

ఒక ఏప్రిల్‌లో జరిగిన సంగతి చెప్తాను. ఏటా ఏప్రిల్, మే నెలల్లో కంపెనీల ఆడిటర్ల నుంచి మాకు బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ ఉత్తరాలు వస్తాయి. మార్చి 31 నాటికి కంపెనీ మీకు ఫలానా మొత్తం ఇవ్వాలి, సరైతే సంతకం పెట్టి స్టాంపు వేసి పంపండి, తేడా ఉంటే ఎంతో రాయండి అని అందులో ఉంటుంది. ఆ ఏడాది ఒక పెద్ద కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరంలో మా షీట్ మెటల్ యూనిట్‌కు రావాల్సింది 18,40,000 రూపాయలు అని ఉంది. నేను మా లెడ్జర్ తీశాను. ఆ పార్టీ పేరు మీద బాకీ సున్నా.

పొరపాటు నాదేమోనని బిల్లు బిల్లూ చూశాను. 7,10,000 ఒకటి, 6,45,000 ఒకటి, 4,85,000 ఇంకొకటి. మూడూ ఫిబ్రవరిలో బ్యాంకు దగ్గర డిస్కౌంట్ అయిపోయాయి, అంటే గడువుకు ముందే డబ్బుగా మారాయి. బ్యాంకు తన వడ్డీ పట్టుకుని మిగతాది మా కరెంట్ అకౌంట్‌లో వేసేసింది. ఆ డబ్బుతో స్టీలు కొన్నాం, జీతాలిచ్చాం, కరెంటు బిల్లు కట్టాం. కంపెనీ అకౌంట్స్ విభాగానికి ఫోన్ చేశాను. అక్కడున్న అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. "సార్, మీకు డబ్బు వచ్చేసింది, అది నిజమే. ఇప్పుడు మేం కట్టాల్సింది బ్యాంకుకి. డ్యూ జూన్‌లో ఉంది. కానీ అప్పటిదాకా మా సిస్టమ్‌లో మీ పేరు మీదే కనిపిస్తుంది. ట్రేడ్ పేయబుల్స్‌లో ఉంటుంది సార్" అన్నాడు. ట్రేడ్ పేయబుల్స్ అంటే సప్లయర్లకు ఇవ్వాల్సిన బాకీల పద్దు.

నేను సున్నా అని రాసి, ఏ బిల్లు ఏ తేదీన డిస్కౌంట్ అయిందో ఒక కాగితం జతచేసి పంపాను. దాని మీద ఆ తర్వాత నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. మాకు అందిపోయిన డబ్బు ఇంకొకరి పుస్తకాల్లో మాకు ఇవ్వాల్సిన బాకీగా ఉండటం నన్ను చాలా రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. ఒకే మూడు బిల్లులు. మా దగ్గర తీరిపోయాయి, బ్యాంకు దగ్గర అప్పుగా ఉన్నాయి, మీ దగ్గర సప్లయర్ బాకీగా ఉన్నాయి.

ముందే ఒక మాట. సప్లయర్ ఫైనాన్స్, అంటే బ్యాంకు సప్లయర్‌కు ముందే డబ్బిచ్చి తర్వాత కంపెనీ దగ్గర వసూలు చేసుకునే పద్ధతి, చెడ్డదని నేను అనట్లేదు. దానివల్ల బాగుపడ్డవాళ్లలో మేమూ ఉన్నాం. రిజర్వ్ బ్యాంక్ 2014 డిసెంబర్‌లో మార్గదర్శకాలిచ్చి, 2017లో ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ బిల్లు డిస్కౌంట్ వేదికలు మొదలయ్యాక మా పని చాలా తేలికైంది. సరుకు వేసి ఇన్వాయిస్ ఎక్కిస్తాం. కంపెనీ ఒప్పుకుంటుంది. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఆ బిల్లుకు రేటు కోట్ చేస్తాయి. నచ్చిన రేటు ఎంచుకుంటే మామూలుగా మర్నాటికి డబ్బు వచ్చేస్తుంది. గడువు రోజున కంపెనీ ఖాతాలోంచి బ్యాంకు తీసుకుంటుంది. కంపెనీ కట్టకపోయినా బ్యాంకు మా మీదకు రాదు. అంతకుముందు బయట నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి జీతాలిచ్చిన యజమానులు నాకు తెలుసు. వాళ్లకు ఈ పద్ధతి ఎంత ఊరటో నేను కళ్లారా చూశాను. 2024 నవంబర్ నోటిఫికేషన్‌తో టర్నోవర్ 250 కోట్లు దాటిన కంపెనీలన్నీ 2025 మార్చి 31 లోపు ఈ వేదికల్లో చేరాలన్నారు. అంతకుముందు ఆ పరిమితి 500 కోట్లు. ఇది మంచి అడుగే.

నా బాధ అంతా లెక్క చూపించే తీరు మీద, అది కూడా ముఖ్యంగా ఏడాది మధ్యలో ఇచ్చే లెక్కల మీద.

ఊహకు ఒక కంపెనీని తీసుకుందాం. నెట్ వర్త్, అంటే వాటాదార్ల సొంత సొమ్ము, 500 కోట్లు. బ్యాంకు అప్పులు 300 కోట్లు. ట్రేడ్ పేయబుల్స్ 600 కోట్లు. చూసినవాళ్లు అప్పు, ఈక్విటీ నిష్పత్తి 0.6 అనుకుంటారు, బాగానే ఉందంటారు. ఆ 600 కోట్లలో 250 కోట్లు సప్లయర్లకు బ్యాంకు ఇప్పటికే ఇచ్చేసిందనుకోండి. కంపెనీ నిజంగా సప్లయర్లకు బాకీ పడింది 350 కోట్లు, బ్యాంకులకు బాకీ పడింది 550 కోట్లు. నిష్పత్తి 1.1 అవుతుంది. ఇంకోటి, ఆ 250 కోట్లు ట్రేడ్ పేయబుల్స్ పెరిగినట్టు కనిపిస్తే క్యాష్ ఫ్లోలో అది వ్యాపారం సంపాదించిన నగదు వైపు వెళ్తుంది. నగదు బాగా వస్తోందని చదివేవాడు అనుకుంటాడు. వచ్చింది వ్యాపారం నుంచి కాదు, బ్యాంకు ఇచ్చిన గడువు నుంచి. బ్యాంకు ఆ గడువు ఒక్కసారి వెనక్కి తీసుకుంటే 250 కోట్లు మూడు నాలుగు నెలల్లో కట్టాలి, కొత్త సరుకుకు చేతి డబ్బు పెట్టుకోవాలి.

ఇలాంటివన్నీ అప్పుల పద్దులోకే వెళ్లాలని నేను వాదించట్లేదు. దీని మీద అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల వ్యాఖ్యాన కమిటీ 2020 డిసెంబర్‌లో చెప్పిన మాట నాకు సబబుగానే అనిపిస్తుంది. ఆ బాకీ మామూలు వ్యాపార చక్రంలో భాగంగా ఉంటే, దాని షరతులు మిగతా సప్లయర్ల షరతుల్లాగే ఉంటే ట్రేడ్ పేయబుల్స్‌లో ఉంచొచ్చు. అదనంగా సెక్యూరిటీ ఇచ్చినా, గడువు మిగతా వాళ్లకంటే బాగా ఎక్కువైనా ఆలోచించాలి. ఎటు పెట్టినా, ఎందుకలా పెట్టామో అకౌంటింగ్ పాలసీలో రాయాలి. నేను చదివిన వార్షిక నివేదికల్లో ఈ పాలసీ ఒక్కోచోట రెండు వాక్యాలు ఉంటుంది, ఒక్కోచోట అసలు ఉండదు. కొన్ని కంపెనీలు ట్రేడ్ పేయబుల్స్ నోట్‌లోనే యాక్సెప్టెన్సెస్ (కడతామని కంపెనీ ఒప్పుకున్న బిల్లులు) అని విడిగా చూపిస్తాయి. అలా చూపించిన కంపెనీ అంటే నాకు గౌరవం పెరుగుతుంది.

చూపించకపోతే ఏమవుతుందో బ్రిటన్‌లో కారిలియన్ చూపించింది. ప్రభుత్వ ఆసుపత్రులు, రోడ్లు, స్కూళ్ల కాంట్రాక్టులు చేసే పెద్ద సంస్థ అది. సప్లయర్లకు 120 రోజుల గడువు పెట్టింది. అంతకంటే ముందు కావాలంటే బ్యాంకు ద్వారా కోత పెట్టించుకుని తీసుకోవాలి. ఆ బ్యాంకు బాకీ అప్పుల పద్దులో కాకుండా ఇతర బాకీల పద్దులో కూర్చుంది. 49.8 కోట్ల పౌండ్ల దాకా అలా తప్పు చోట ఉందని రేటింగ్ సంస్థ మూడీస్ 2018లో చెప్పింది. 2017 మార్చిలో వార్షిక లెక్కలు ఇచ్చిన కంపెనీ, అదే ఏడాది జూలై 10న 84.5 కోట్ల పౌండ్ల నష్టం కేటాయించాల్సి వస్తోందని ప్రకటించింది. మధ్యలో నాలుగు నెలలే. 2018 జనవరి 15న కుప్పకూలింది. అప్పటికి చేతిలో నగదు 2.9 కోట్ల పౌండ్లు, బాకీలు దాదాపు 700 కోట్ల పౌండ్లు. దాదాపు 30,000 మంది సప్లయర్లకు 200 కోట్ల పౌండ్ల దాకా రావాలి. ఆ 30,000 మందిలో మా బాలానగర్ యూనిట్ల లాంటివాళ్లు ఎంతమందో అని ఆ అంకె చదివినప్పుడల్లా అనుకుంటాను.

ఆ తర్వాతే ప్రమాణాలు కదిలాయి. అంతర్జాతీయ ప్రమాణాల బోర్డు 2023 మేలో క్యాష్ ఫ్లో మీద ఉన్న ఐఏఎస్ 7, ఆర్థిక సాధనాల వెల్లడి మీద ఉన్న ఐఎఫ్ఆర్ఎస్ 7 ప్రమాణాలను సవరించింది. మన దేశంలో కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2025 ఆగస్టులో నోటిఫై చేసి, వాటికి మన రూపాలైన ఇండ్ ఏఎస్ 7, 107 లలో అవే నిబంధనలను 2025 ఏప్రిల్ 1 నుంచి మొదలయ్యే సంవత్సరాలకు తెచ్చింది. ఒప్పందం షరతులేమిటి, ఆ బాకీ మొత్తం ఎంత, అది బ్యాలెన్స్ షీట్‌లో ఏ పద్దులో ఉంది, అందులో సప్లయర్లకు ఇప్పటికే డబ్బు అందింది ఎంత, ఈ బాకీల గడువు ఎన్ని రోజులు, ఒప్పందంలో లేని సప్లయర్ల గడువు ఎన్ని రోజులు. ఇవన్నీ చెప్పాలి. నా 18,40,000 ఇకనుంచి ఆ నాలుగో ప్రశ్నకు జవాబులో కనిపించాలి. ఇది చదివిన రోజు నాకు నిజంగా సంతోషమేసింది.

అయితే మొదటి ఏడాదిలో వచ్చే మధ్యంతర లెక్కల్లో ఇవేవీ ఇవ్వక్కర్లేదని సడలింపు పెట్టారు. కంపెనీలు సిస్టమ్స్ సిద్ధం చేసుకోవాలి కదా, ఆ సడలింపు నాకు అర్థమవుతుంది. నా టెన్షన్ అంతా ఆ తర్వాత సంగతి గురించి. అసలు మన మూడు నెలల ఫలితాల్లో ఇలాంటి వివరానికి చోటే లేదు.

సెబీ లిస్టింగ్ నిబంధనల్లో 33వ నిబంధన ప్రకారం మూడు నెలలు ముగిసిన 45 రోజుల్లో ఫలితాలివ్వాలి. ఏడాది ఆడిట్ ఫలితాలకు 60 రోజులు. ఆస్తి అప్పుల పట్టిక, క్యాష్ ఫ్లో మాత్రం ఆరు నెలలకోసారే ఇవ్వాలి. అంటే జూన్, డిసెంబర్ ఫలితాల్లో లాభనష్టాలు తప్ప కంపెనీ ఎవరికెంత బాకీ ఉందో ఒక్క ముక్క కనిపించదు. సెప్టెంబర్‌లో ట్రేడ్ పేయబుల్స్ అని ఒక అంకె కనిపిస్తుంది. ఎంఎస్ఎంఈలకు (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకు) ఇంత, మిగతావాళ్లకు ఇంత అని రెండు ముక్కలుగా కనిపించొచ్చు. దాని లోపల బ్యాంకు ఎంత కట్టేసిందో కనిపించదు. ఫలితాల కింద ఉండే నోట్స్‌లో చాలా కంపెనీలు ఒక వాక్యం రాస్తాయి: మధ్యంతర లెక్కల ప్రమాణమైన ఇండ్ ఏఎస్ 34లోని గుర్తింపు, కొలత సూత్రాల ప్రకారం ఈ ఫలితాలు తయారయ్యాయి అని. గుర్తింపు, కొలత అన్నారు. వివరాల వెల్లడి అనే మాట అందులో లేదు. ఈ ఒక్క వాక్యం మీ కమిటీ సమావేశంలో ఎవరైనా నెమ్మదిగా చదివి, దీని అర్థమేమిటని అడగాలని నా కోరిక.

ఇండ్ ఏఎస్ 34 నిజానికి చాలా బాగా రాసిన ప్రమాణం. మార్చిలో ఏ పాలసీలు వాడతారో జూన్‌లోనూ అవే వాడాలంటుంది. ఏడాదిలో ఎన్నిసార్లు లెక్క చెప్తున్నామన్నదాన్ని బట్టి ఏడాది ఫలితం మారకూడదంటుంది. డిసెంబర్‌లో పెద్ద మరమ్మతు ఉందని ఆ ఖర్చును జూన్‌లోనే కొంత వేసుకోవడానికి ఒప్పుకోదు. ఆదాయపు పన్నుకు మాత్రం ఏడాది మొత్తానికి ఎంత రేటు పడుతుందో అంచనా వేసి అదే రేటు వేయమంటుంది. పన్ను రేటు దగ్గర ఇంత జాగ్రత్త తీసుకున్నప్పుడు, 250 కోట్ల బాకీ ఎవరిదో ఏడాదికి ఒక్కసారే చెప్తే సరిపోతుందా?

మా వైపు నుంచి చూస్తే ఏడాదికి నాలుగుసార్లు ఎందుకు కావాలో ఇంకో సంగతి చెప్తాను. మా డైల యూనిట్లలో ఒకాయన ఒక ఆగస్టులో పెద్ద ఆర్డర్ తీసుకున్నాడు. కొనే కంపెనీ జూన్ ఫలితాలు అప్పుడే వచ్చాయి. లాభం పెరిగింది, పేపర్లో కూడా రాశారు. ఆ ధైర్యంతో బ్యాంకు లోను పెట్టి ఒక సీఎన్‌సీ మెషిన్ కొన్నాడు. మొదటి రెండు బిల్లులు ఎప్పటిలాగే డిస్కౌంట్ అయ్యాయి. సెప్టెంబర్ మూడో వారంలో వేసిన బిల్లును కంపెనీ ఒప్పుకుంది గానీ కొటేషన్ ఒక్కటీ రాలేదు. నేనూ ఆయనా సాయంత్రం ఏడింటిదాకా కంప్యూటర్ ముందే కూర్చున్నాం. స్క్రీన్ మీద మా బిల్లు ఒక్కటే వరసలో ఉంది, పక్కన రేటు ఖాళీ. మర్నాడూ ఖాళీ. వాకబు చేస్తే ఆ కంపెనీ పేరు మీద బ్యాంకులు పెట్టుకున్న లిమిట్ నిండిపోయిందని, కొత్తది తీసుకోవట్లేదని తెలిసింది. ఆ బిల్లూ, దాని వెనక వచ్చినవీ అయిదు నెలలు ఆగాయి. ఆయన మెషిన్ కిస్తీలు కట్టడానికి భార్య నగలు తాకట్టు పెట్టాడు. ఆమె ఆ సంచీ తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

ఆగస్టులో వచ్చిన ఆ జూన్ ఫలితాల్లో ఒక్క వాక్యం ఉండి ఉంటే, సప్లయర్ ఫైనాన్స్ కింద ఇంత బాకీ ఉంది, పోయిన మార్చికంటే ఇంత పెరిగింది అని ఉంటే, నేను ఆయన్ని మెషిన్ కొనకుండా ఆపేవాణ్ని. కనీసం మూడు నెలలు ఆగమనేవాణ్ని.

క్వార్టర్ ముగింపు రోజుల సంగతి కూడా చెప్పాలి. జూన్, సెప్టెంబర్, డిసెంబర్ చివరి వారాల్లో మాకు వచ్చే జవాబు ఒకటే: "క్వార్టర్ క్లోజింగ్ అండి, అయిదో తారీఖు తర్వాత చూద్దాం." నెలాఖరు నాటికి బ్యాంకులో నగదు ఎక్కువగా కనిపించాలని పేమెంట్లు ఆపుతారు. ఒక సెప్టెంబర్ 27న మా లారీ వెళ్లింది. గేటు దగ్గర చలాన్ మీద 27 అని స్టాంపు పడింది. స్టోర్స్‌లో జీఆర్‌ఎన్ (సరుకు అందినట్టు రసీదు) మాత్రం అక్టోబర్ 3న వేశారు. అంటే సెప్టెంబర్ 30 నాటి బ్యాలెన్స్ షీట్‌లో మా సరుకూ లేదు, మా బాకీ కూడా లేదు. సరుకేమో వాళ్ల గోడౌన్‌లో మా ప్యాకింగ్ విప్పకుండా ఉంది. చట్టం దృష్టిలో జీఆర్‌ఎన్ తేదీతో పని లేదు. 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే సరుకు చేరిన రోజే ఒప్పుకున్న రోజు. గడువు అక్కడినుంచే లెక్క. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ, నెలనెలా కట్టి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలో ఉందిది. ఆ వడ్డీ అడిగిన యజమాని నా ఆరుగురిలో ఒక్కరూ లేరు. అడిగితే తర్వాతి పర్చేజ్ ఆర్డర్ రాదని భయం.

2023-24 నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అనే నిబంధన అమల్లోకి వచ్చాక ఒక మార్పు చూశాను. గడువు దాటినా మార్చి 31 లోపు కట్టేస్తే ఖర్చు ఆ ఏడాదిలోనే చూపించుకోవచ్చు, లేకపోతే కట్టిన ఏడాదికి పోతుంది. దాంతో మార్చిలో మాకు ఫోన్లు వస్తాయి. మీ ఉద్యమ్ (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్) నంబర్ పంపండి, పెండింగ్ లిస్ట్ పంపండి, త్వరగా పంపండి అంటారు. పాత బిల్లులన్నీ ఆ నెలలో కదులుతాయి. ఏప్రిల్ నుంచి మళ్లీ పాత కథే. మార్చి 31న ఒక్కరోజు తీసిన ఫోటో చూసి ఏడాదంతా అలాగే ఉందనుకుంటే పొరపాటు. మూడు నెలలకోసారి అడగడానికి ఇంతకంటే మంచి కారణం నాకు తెలియదు.

వార్షిక నివేదికలో బాకీల వయసు పట్టిక ఉంటుంది కదా అని మీరనొచ్చు. కంపెనీల చట్టం షెడ్యూల్ 3కు 2021లో చేసిన సవరణతో వచ్చిందది. అందులో గడువు దాటిన బాకీల మొదటి గడి ఏడాది కంటే తక్కువ అని ఉంటుంది. తర్వాత ఒకటి నుంచి రెండేళ్లు, రెండు నుంచి మూడేళ్లు, మూడేళ్ల పైన. 20 రోజులు ఆలస్యమైనవాడూ, 300 రోజులుగా తిరుగుతున్నవాడూ ఒకే గడిలో ఉంటారు. మాకు 300 రోజులంటే యూనిట్ మూతపడటమే.

తెలుగువాళ్లకు మూడు నెలల ఫలితాలు ఎంత నష్టం చేయగలవో ఒకరు చెప్పక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరంలో ఉన్న అంకెలు 2008 సెప్టెంబర్ 30 నాటివి. ఆ క్వార్టర్ ఆదాయం 2,700 కోట్లని చూపించారు, నిజంగా 2,112 కోట్లు. నిర్వహణ లాభం 649 కోట్లని చూపించారు, ఉన్నది 61 కోట్లు. చూపించని బాకీ 1,230 కోట్లని కూడా అందులోనే రాశారు. అది మోసం. సప్లయర్ ఫైనాన్స్‌తో దానికి సంబంధం లేదు, నిజాయితీగా నడిచే కంపెనీలను దానితో కలపడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ కాగితాలు కూడా ఒక ఆడిట్ కమిటీ ముందు నుంచే వెళ్లాయి. స్వతంత్ర డైరెక్టర్లు అప్పుడూ ఉన్నారు. హైదరాబాద్‌లో లెక్కలు రాసేవాళ్లం ఆ రోజును మర్చిపోలేం. నేను ఈ వృత్తిలోకి వచ్చి అప్పటికి కొన్నేళ్లే, ఫోన్‌లో మా నాన్న "మీరు రాసే లెక్కలు నిజమేనా రా?" అని అడిగాడు.

మూడు నెలలకోసారి చెప్పడం కష్టమని కంపెనీలు అంటాయి. అమెరికాలో 2022 సెప్టెంబర్‌లో వచ్చిన ప్రమాణం ప్రకారం ప్రతి మధ్యంతర కాలంలోనూ కంపెనీ తాను ఒప్పుకున్న బాకీ ఇంకా ఎంత మిగిలి ఉందో చెప్పాలి. అక్కడ చెప్తున్నారు. సప్లయర్‌కు బ్యాంకు ఎప్పుడిచ్చిందో తమకు తెలియదని ఇంకో అభ్యంతరం ఉంది. తెలిసేది బ్యాంకుకూ, ట్రెడ్స్ వేదికకూ. మొత్తం ఎంతో అడిగితే వాళ్లు చెప్తారు, ఒక్కో సప్లయర్ పేరు అక్కర్లేదు. పైగా మార్చికి ఎలాగూ ఆ రిపోర్టు తీయాలి. మార్చికి తీసినవాళ్లు జూన్‌కు తీయలేకపోవడం ఉండదు. అంత పెద్ద మొత్తం కాదు, చెప్పేంత విషయం కాదు అనే మాట కూడా వినిపిస్తుంది. అది నిజమైతే, పెద్దది కాదని ఒక వాక్యం రాస్తే చాలు.

ఇప్పుడు మీరు చేయగలిగింది. సెబీ కొత్త నమూనా తెచ్చేదాకా ఆగక్కర్లేదు. ఫలితాల కింద అదనంగా ఒక నోట్ రాయడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. సప్లయర్ ఫైనాన్స్ కింద ఉన్న బాకీ ఎంత, అందులో సప్లయర్లకు ఇప్పటికే చేరింది ఎంత, ఏ పద్దులో చూపించాం, పోయిన క్వార్టర్‌కూ దీనికీ తేడా ఎంత. నాలుగు వాక్యాలు. ఆస్తి అప్పుల పట్టిక ఇవ్వని జూన్, డిసెంబర్‌లలో కూడా ఇవ్వండి, అప్పుడే దాని విలువ ఎక్కువ. ఏదైనా క్వార్టర్‌లో ఈ బాకీని ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు మారిస్తే ఆ క్వార్టర్‌లోనే చెప్పండి, మార్చిదాకా దాచకండి. క్వార్టర్ ఆఖరి పది రోజుల్లో ఆపిన పేమెంట్లు, తర్వాతి పది రోజుల్లో విడుదలైన పేమెంట్లు పక్కపక్కన పెట్టి చూపించమని మీ ఫైనాన్స్ హెడ్‌ను ఒక్కసారి అడగండి. ఆ కాగితం బయట పెట్టక్కర్లేదు, మీరు చూస్తే చాలు.

ఇది మీ పరిధిలోది కాదని ఎవరైనా అంటే, లిస్టింగ్ నిబంధనల్లో మీ కమిటీ బాధ్యతల జాబితా చూడమనండి. డిపాజిటర్లు, డిబెంచర్ హోల్డర్లు, వాటాదార్లతో పాటు క్రెడిటర్లకు చెల్లింపుల్లో పెద్ద ఎత్తున జరిగే ఎగవేతలకు కారణాలు పరిశీలించాలని అందులో ఉంది. క్రెడిటర్లంటే మేమే. కమిటీలో మూడింట రెండు వంతుల మంది స్వతంత్రులుండాలి, ఛైర్మన్ కూడా స్వతంత్ర డైరెక్టరే కావాలి అని నియమం పెట్టింది కూడా మేనేజ్‌మెంట్ అడగని ప్రశ్నలు మీరు అడుగుతారనే.

మూడు నెలల ఫలితాలకు మామూలుగా పూర్తి ఆడిట్ ఉండదు. లిమిటెడ్ రివ్యూ ఉంటుంది. ఆడిటర్లు ప్రశ్నలడుగుతారు, అంకెలు పోల్చి చూస్తారు, అంతవరకే. 22 ఏళ్లలో నాకు సెప్టెంబర్ నెలాఖరు బాకీ మీద కన్ఫర్మేషన్ ఉత్తరం ఒక్కటీ రాలేదు. అన్నీ మార్చివే. అందుకని మా దగ్గర ఉన్న సమాచారం మీ దాకా రావడానికి ఏడాదికి ఒక్క దారే ఉంది, అది కూడా ఆడిటర్ నన్ను ఎంచుకుంటేనే.

ఈసారి సెప్టెంబర్ ఫలితాలు చూసేటప్పుడు మీ కంపెనీ సప్లయర్ల జాబితాలోంచి ఏదో ఒక అయిదు చిన్న యూనిట్లను మీరే ఎంచుకుని, ఆ ఉత్తరాలు పంపించండి. నా ఆరు యూనిట్లలో ఏదైనా అందులో ఉంటే, ఏ బిల్లు ఏ రోజు వేశామో, ఏ రోజు డిస్కౌంట్ అయిందో, ఎంత వడ్డీ పోయిందో, ఏది ఇంకా రావాలో లెడ్జర్ కాపీతో సహా మూడు రోజుల్లో పంపుతాను. స్టాంపు వేసి, సంతకంతో.

ఇట్లు,
బాలానగర్ పారిశ్రామికవాడలో లెక్కలు రాసుకునే ఒక అకౌంటెంట్